బృంద నాయకుడి బండారం

పని చెయ్యడమంటే నాకు చిన్నప్పటి నుంచీ బద్ధకం. పని పంచడమంటే మాత్రం పండగ. మా వీధిలో చవితి పందిరి వేసేటప్పుడు ఒక్క గుంజ పాతిన పాపాన పోలేదు గానీ, ఎవడు ఏ గుంజ ఎక్కడ పాతాలో చెప్పింది నేనే. ఇందులో మా ఊరి మహిమ కూడా కొంత ఉందేమో. చోడవరం అంటే స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన ఊరు. వ్యాసుడు చెబుతూ ఉంటే ఆయన భారతం రాసుకుంటూ పోయాడని కదా కథ! నా లెక్కలో లోకంలో మొట్టమొదటి టీమ్ ప్రాజెక్టు అదే. ఊరివాణ్ణి కాబట్టి న్యాయంగా నేను వినాయకుడి పక్షాన ఉండాలి. పుట్టుకతోనే వ్యాసుడి పక్షం అయిపోయాను. మాట నాది కావాలి, విరిగే దంతం ఇంకొకరిది కావాలి.

మీరూ అంతే, కాదనకండి. చుట్టాలింటి పెళ్ళిలో భుజాన కండువా వేసుకుని వంటశాల గుమ్మంలో నిలబడి, గరిటె ముట్టకుండా "సాంబారులో ఉప్పు చూశారా?" అని గద్దించిన రోజు మీ జీవితంలోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఆ ధైర్యంతోనే మీకు ఈ కథ చెబుతున్నాను.

మేం డిగ్రీలో చేరిన కాలానికి ఒక కొత్త ముచ్చట వచ్చింది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో చేరినవాళ్ళ నుంచి పాఠ్యప్రణాళిక మార్చి, మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పెట్టింది. 180 గంటలు. ఊళ్ళోకి పోవాలి. ఇంటింటికీ తిరిగి జనం ఎలా బతుకుతున్నారో అడిగి రాసుకోవాలి. వాళ్ళకి తెలియనిది ఏదైనా ఉంటే చెప్పి చైతన్యం తేవాలి. మాకు తెలిసింది ఏమిటో మాకే తెలియదు కాబట్టి ఈ మూడో పని చిటికెలో అయిపోయింది. రోజూ చేసిందంతా లాగ్ బుక్కులో ఎక్కించి మేష్టారి చేత సంతకం పెట్టించుకోవాలి. ఆఖర్న నివేదిక రాసి, వైవాలో నిలబడాలి. కాగితం మీద చూస్తే మంచి ఆలోచనే. అక్షరం ముక్క నేర్చినవాడు ఎండలో నాలుగు గుమ్మాలు ఎక్కి దిగితే పోయేదేముంది? దాన్ని మేం ఎంత చక్కగా పాడుచేశామో, అదీ కథ.

మమ్మల్ని అయిదుగురేసి జట్లు చేశారు. మా జట్టులో ఒకడికి బైకు ఉంది. ఒకడి అన్నయ్యకి జెరాక్సు షాపు ఉంది. ఒకమ్మాయి చేతిరాత ముత్యాలు. ఇంకో అమ్మాయి వెంకన్నపాలెం అవతల నుంచి ఆటోలో వచ్చేది, ఎక్కువ మాట్లాడేది కాదు. వాళ్ళింట్లో బెల్లం గానుగ ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అడగలేదు కాబట్టి. ఇక అయిదోవాణ్ణి నేను. నాకేమీ లేదు. ఏమీ లేనివాడికి మిగిలే పదవి ఒకటే.

"లీడరెవరు?" అన్నారు మేష్టారు. నలుగురూ ఫోన్లలోకి తల దించేశారు. "అందరూ అంతగా అంటున్నప్పుడు కాదనలేను సార్" అన్నాను నేను. ఎవరూ ఏమీ అనలేదని మీరు గమనించే ఉంటారు. మేష్టారూ గమనించారు గానీ, బెల్లు కొట్టేశారు.

విషయం చెరకూ బెల్లమూ అనుకున్నాం. చోడవరంలో ఉండి వేరే ఏం అనుకుంటాం? ఇటు గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ, అటు అనకాపల్లిలో దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు. మధ్యలో రైతు: ఫ్యాక్టరీకి తోలనా, గానుగ ఆడనా అని ఏటా ఒకే సంకటం. చక్కని విషయం. దీనికి నేను పెట్టిన పేరు వినండి: "చోడవరం మండల చెరకు రైతుల సామాజికార్థిక స్థితిగతులు మరియు బెల్లం తయారీలో సంప్రదాయ పరిజ్ఞానం, సమకాలీన సవాళ్ళు: ఒక సమగ్ర విశ్లేషణాత్మక అధ్యయనం." ఈ పేరుకి ఒక మధ్యాహ్నం మొత్తం పట్టింది. కవరు పేజీలో పట్టక అక్షరాల సైజు రెండుసార్లు తగ్గించాం. "పేరు చదివేసరికే ఆయాసం వస్తోందిరా" అన్నాడు బైకువాడు. దాన్ని నేను ప్రశంసగా తీసుకున్నాను.

కవరు పేజీ అంటే గుర్తొచ్చింది. లోపల ఒక్క వాక్యమైనా పుట్టకముందే మేం కవరు మీద మూడు యుద్ధాలు చేశాం. మొదటిది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా విడిగా ఏర్పడింది. మేం మొదలెట్టింది ఆ వేసవిలోనే. పుట్టి పెరిగింది విశాఖపట్నం జిల్లాలో, రిపోర్టు ఇచ్చేది అనకాపల్లి జిల్లాలో. నేను విశాఖ అన్నాను, ఎందుకంటే ఆ పేరు పెద్దగా కనిపిస్తుంది. చివరికి కవరు మీద ఒక జిల్లా, లోపలి పేజీలో ఒక జిల్లా పడ్డాయి. రెండో యుద్ధం బొమ్మ గురించి, అది వదిలెయ్యండి. మూడోది పేర్ల వరస.

ముత్యాల చేతిరాత అమ్మాయి "అకారాది క్రమంలో వేసేద్దాం, గొడవుండదు" అంది. నా పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో చెప్పను గానీ, ఆ క్రమంలో వేస్తే నేను ఆఖర్న పడతాను. కాబట్టి నాకు వెంటనే సిద్ధాంతం గుర్తొచ్చింది. "పరిశోధనా ప్రపంచంలో బాధ్యతను బట్టి వరస ఉంటుంది" అన్నాను. పరిశోధనా ప్రపంచం ఎక్కడుందో నాకు అప్పటికి తెలియదు. వాళ్ళకీ తెలియదు కాబట్టి నేను గెలిచాను. నా పేరు ముందు. పక్కన "బృంద నాయకుడు" అని లావు అక్షరాల్లో. మిగతా నాలుగు పేర్లూ కింద, సన్నగా.

తెలుగులో ఎమ్మే చేశాక ఇప్పుడు ఆ పేజీ తలచుకుంటే చెవులు కాలిపోతాయి. మన భాషలో జట్టుగా రాయడం ఎంత పెద్దమనుషుల వ్యవహారమో అప్పుడు నాకేం తెలుసు! నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేసి పోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిపోయిన ఆ ముక్క ఎవరికీ అక్కర్లేని పనే, మన ప్రాజెక్టుల్లో డేటా ఎంట్రీ మాదిరిగా. దాన్ని ఎర్రన పూర్తిచేశాడు. చేసి, నన్నయ పేరు మీదే, నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు. నేనైతే ప్రతి ఆశ్వాసం చివర "శేషభాగ పూరణ: బృంద నాయకుడు" అని వేసుకుందును. తిరుపతి వెంకట కవులు సరేసరి. తిరుపతి శాస్త్రి 1920లో పోయారు. ఆ తరవాత చెళ్ళపిళ్ళ వారు ఒక్కరే రాసినవి కూడా జంటపేరుతోనే వెలువరించారు. పోయిన స్నేహితుడి పేరు ముందు, తన పేరు వెనక. మా జట్టులో బతికున్న నలుగురి పేర్లకి నేను పన్నెండు పాయింట్ల అక్షరం ఇవ్వడానికి ఏడ్చాను.

పని పంపకం కూడా నేనే చేశాను. చాలా న్యాయంగా. తిరుగుడు బైకువాడికి. ఫారాలు నింపడం ముత్యాల అమ్మాయికి. టైపింగు జెరాక్సువాడికి. గానుగ గురించి వివరాలు వెంకన్నపాలెం అమ్మాయికి. "మేధోపరమైన భాగం" నాకు: అంటే పీఠిక, పూర్వ పరిశోధనల సమీక్ష, ముగింపు. ఇవన్నీ ఫ్యాను కింద కూచుని రాసేవని, చూస్తే తెలుస్తూనే ఉంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరని సామెత ఉంది గదా; మా జట్టులో ఆ బాధ లేదు. ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.

అయినా మొదటి రోజు నాయకుడు లేకపోతే బాగుండదని నేనూ వెళ్ళాను. మే నెల. చేతిలో యాభై ప్రశ్నావళులు. మొదటి ఇంట్లోనే ఒక పెద్దాయన అరుగు మీద కూచుని మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"బెల్లం తయారీని ప్రత్యక్షంగా పరిశీలించడానికి వచ్చాం తాతగారూ" అన్నాను.

"ఇప్పుడొచ్చినారేటి బాబూ? ఉగాది ఎల్లిపోనాక గానుగేటి, బెల్లమేటి? సంకురాత్రికి రావాల" అన్నాడాయన. తరవాత మా ఐదుగురినీ వరసగా చూసి, "ఇందులో రైతు బిడ్డలు ఎవులూ నేరేటి?" అన్నాడు. ఉన్నారు. అయిదుగురం ఉన్నాం. చెరకు నరికే కాలం ఏదో తెలియని చెరకు రైతు బిడ్డలం. "పరిశోధనకి కాలంతో పనిలేదు తాతగారూ" అని నేనేదో అనబోతుంటే వెంకన్నపాలెం అమ్మాయి నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆ వేసవి మొత్తం మీద జట్టుకి జరిగిన మేలుల్లో అదొకటి.

ఆయనతో మొదలుపెట్టి కొన్ని ఫారాలు నిజంగానే నింపాం. ఎండ ముదిరింది. మిగతావి బస్టాండు పక్క టీ కొట్టులో నింపాం. దయచేసి అలా చూడకండి. మీ ఊరికి జనాభా లెక్కలవాడో, సర్వే వాడో వచ్చి పక్కింటి అరుగు మీద కూచుని మీ ఇంటి వివరాలు రాసుకుపోయిన రోజు మీరూ చూసే ఉంటారు. నేను మాత్రం ఈ దొంగతనాన్ని కూడా ప్రతిభతో చెయ్యాలనుకున్నాను. "రైతుల వయసులన్నీ నలభై, యాభై అని వేస్తే దొరికిపోతాం. సహజంగా ఉండాలి" అని, ఒకాయనకి ముప్పై ఏడు, ఒకాయనకి నలభై మూడు, ఇంకొకాయనకి యాభై తొమ్మిది వేయించాను. వీలైనంతవరకు సున్నాలూ అయిదులూ రాకుండా చూశాను. అంత వివరంగా అబద్ధమాడితే దేవుడు కూడా నమ్ముతాడనుకున్నాను. దేవుడి సంగతేమో గానీ, స్టాటిస్టిక్స్ మేడం నమ్మలేదు. అక్కడికి వస్తాను.

ఈలోగా వెంకన్నపాలెం అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చిచ్చింది. మాకు గానుగ దొరకలేదని, సంక్రాంతి సీజనులో తను చూసిందీ, నాన్ననీ చిన్నాన్ననీ కూచోబెట్టి అడిగిందీ కలిపి ఇరవై పేజీలు రాసింది. మాటలు వాళ్ళింట్లో ఎలా అంటారో అలాగే. టన్ను చెరకు ఆడితే సుమారు వంద కిలోల బెల్లం దిగుతుందనీ, రసం పెనంలో పొయ్యగానే సున్నం వేస్తారనీ, మడ్డి తేలితే జల్లెడ గరిటెతో తోడేస్తారనీ, పొయ్యిలోకి వేరే కట్టెలు కొనరు, ఆడేసిన పిప్పినే ఎండబెట్టి ఎగదోస్తారనీ, పిప్పి తడిస్తే ఆ రోజు గానుగ ఆగినట్టేననీ, పాకం వచ్చిందో లేదో చన్నీళ్ళలో చుక్క వేసి చూస్తారనీ రాసింది. అన్నిటికంటే బాగున్నది రంగు గురించి. మార్కెట్టులో దిమ్మ పచ్చగా నిగనిగలాడితే ఒక ధర, నల్లగా ఉంటే ఒక ధర. అందుకని తెలుపు తేలడానికి హైడ్రాస్ వేస్తారు. ఇంట్లో వాడుకునే బెల్లానికి వెయ్యరు. "అమ్మే బెల్లం వేరు, తినే బెల్లం వేరు" అని వాళ్ళ నాన్న మాట. ఆ ఒక్క వాక్యం మీద మంచి పరిశోధన మొత్తం నిలబెట్టొచ్చు.

నేనేం చేశానో తెలుసా? ఎర్ర పెన్ను తీశాను.

"పిప్పి" కొట్టేసి "చెరకు అవశేష జీవద్రవ్యరాశి" అని రాశాను. "మడ్డి తోడేస్తారు" అన్నచోట "మాలిన్య నిర్మూలన ప్రక్రియ నిర్వహించబడును." "చన్నీళ్ళలో చుక్క వేసి చూస్తారు" అన్నది శాస్త్రీయంగా లేదని పూర్తిగా తీసేశాను. వాళ్ళ నాన్న మాట పక్కన "వ్యావహారికం, అనవసరం" అని రాశాను. ఇరవై పేజీలు పేజీన్నర అయింది. ఆ అమ్మాయి చదివి, కాసేపు ఊరుకుని, "ఇది మా నాన్నకి వినిపిస్తే ఎవరింటి గానుగో అనుకుంటారు" అంది. "పరిశోధనంటే అంతేనమ్మా, వ్యక్తిగతంగా ఉండకూడదు" అని నేను తండ్రిలా ఓదార్చాను. ఆ అమ్మాయి నాకంటే ఆరు నెలలు పెద్ద.

మిగతా మేధోపరమైన భాగం సంగతి. రేపు రాస్తానన్నాను. ఆ రేపు చాలా రోజులు సాగింది. ముత్యాల అమ్మాయి వచ్చి "సమీక్ష ఎంతవరకు వచ్చింది?" అంటే "ఆలోచనలో ఉంది" అనేవాణ్ణి. మేష్టారు అడిగినప్పుడు ఇంకా పెద్ద జవాబిచ్చాను. "సార్, సూర్యరాయాంధ్ర నిఘంటువు పని 1911 నాటి ఆంధ్ర సాహిత్య పరిషత్తు కాలంలో మొదలైతే మొదటి సంపుటి 1936లో వచ్చింది. పదిమంది కలిసి చేసే పని కదా సార్" అన్నాను. "వాళ్ళు తెలుగు భాష మొత్తం ఏరుతున్నార్రా. నువ్వు యాభై మంది రైతుల్ని ఏరలేకపోయావు" అన్నారాయన. నాకు నవ్వొచ్చింది గానీ, నాయకుణ్ణి కాబట్టి నవ్వలేదు.

నా ఒక్కడిదే తప్పని మీరనుకోకండి. మనుషులు నలుగురు చేరితే సహజంగానే బరువు దిగిపోతుందట. మాక్స్ రింగెల్‌మాన్ అని ఫ్రాన్సులో ఒక వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. ఒక్కడే లాగితే ఎంత బలం, ఇద్దరైతే ఎంత, అలా ఎనిమిది మంది దాకా. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలా ఒక్కడూ తన బలంలో సగానికి కొంచెం తక్కువే పెట్టాడు. పట్టు కుదరక కొంత, పక్కవాడు లాగుతున్నాడు కదాని కొంత. ఇది 1913లో అచ్చయింది. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం మొదలైంది కూడా ఆ ఏడాదే. ఒకే సంవత్సరంలో లోకానికి చెరకు మీద ఒక పరిశోధనా, చెరకు మీద రిపోర్టు రాసే సోమరుల మీద ఒక పరిశోధనా దక్కాయన్నమాట. రింగెల్‌మాన్ మా జట్టుని చూడలేదు పాపం. చూసి ఉంటే, తాడు పట్టుకోకుండా పక్కన నిలబడి "లాగండి, లాగండి" అనే తొమ్మిదోవాడికి కూడా ఒక గడి పెట్టి ఉండేవాడు.

ఇక ఆ రాత్రి.

తెల్లవారితే వైవా. జెరాక్సు షాపు షట్టరు సగం దించుకుని కూచున్నాం. అన్ని భాగాలూ ఉన్నాయి, నాది తప్ప. రాత్రి పదకొండు దాటింది. జెరాక్సువాడి కంప్యూటర్లో ఎవరో ఎప్పుడో ప్రింటుకి తెచ్చి వదిలేసిన రిపోర్టు ఒకటి కనపడింది. తెలుగులోనే. ఎక్కడో కోస్తాలో రొయ్యల చెరువుల మీద. పీఠిక ఉంది, సమీక్ష ఉంది, ముగింపు ఉంది, ఏనుగంత పెద్ద రిపోర్టు. నా కళ్ళు మెరిశాయి. "రైతు రైతే కదరా, సమస్యలన్నీ ఒకటే" అన్నాను. "వద్దురా" అన్నాడు జెరాక్సువాడు. "రీప్లేస్ కొట్టు" అన్నాను. రొయ్య తీసి చెరకు పెట్టించాను. చెరువు తీసి తోట పెట్టించాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? రొయ్య రకం వనామీ తీసి విశ్వామిత్ర పెట్టించాను. అనకాపల్లి కేంద్రం ఇచ్చిన 87ఎ298 చెరకు రకానికి విశ్వామిత్ర అని పేరని నాకు తెలుసు. ఆ తెలివి చూపించుకోకపోతే నిద్రపట్టదు. కంప్యూటరు రెప్పపాటులో అన్నీ మార్చేసింది. "ఒకసారి చదువుదామా?" అన్నాడు వాడు. "నేను చూస్తాలే" అన్నాను. చూడలేదు. కవరు పేజీ మాత్రం మూడుసార్లు చూసుకున్నాను.

పొద్దున్న వైవా. ముగ్గురు కూచున్నారు. మధ్యలో స్టాటిస్టిక్స్ మేడం. ఆవిడ ముందు పట్టికలు తీశారు. "వయసులు చాలా బాగున్నాయి" అన్నారు. నేను నమ్రతగా తల వంచాను. "మన పల్లెల్లో వయసు అడిగితే యాభయ్యో అరవయ్యో అంటారు. జనం సున్నాకీ అయిదుకీ చుట్టేసి చెబుతారని జనాభా శాస్త్రంలో అందరికీ తెలుసు, దాన్ని కొలవడానికి విపుల్ సూచిక అని ఒకటుంది. మీ చోడవరం రైతులు మాత్రం ఒక్కడూ నలభై అనలేదు, యాభై అనలేదు. అందరి దగ్గరా పుట్టినరోజు సర్టిఫికెట్లు చూశారా?" అన్నారు. "చూశాం మేడం" అన్నాను. బైకువాడు దగ్గాడు.

ఆవిడ పేజీ తిప్పారు. చదివారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. మళ్ళీ చదివారు. "చెరకుకి రోజుకు నాలుగు పూటలా మేత వెయ్యాలని రాశారు."

ఇక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. పొరపాటు జరిగింది మేడం, అంటే అయిపోయేది. కానీ నాయకుడు వెనక్కి తగ్గుతాడా? "అవును మేడం. నాలుగు పూటలు" అన్నాను. "ఏం మేత?" "మేతంటే ఎరువు మేడం, రైతుల మాట." "చెరకుపిల్లల్ని తోటలోకి వదిలే ముందు కాసేపు నీటికి అలవాటు చెయ్యాలట?" "మొలకలు మేడం, ముద్దుగా పిల్లలంటారు." "విశ్వామిత్ర రకం తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక నీటిపైకి తేలి నోరు తెరుస్తుందట?" "అంటే మేడం, వరదలొచ్చినప్పుడు..." "వల వేసి పట్టేటప్పుడు మీసాలు విరగకుండా చూసుకోవాలట?" నేను నోరు తెరిచాను. ఆక్సిజన్ చాలలేదు. బైకువాడు కుర్చీ మీంచి జారిపోయాడు. ముత్యాల అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంది. పక్కనున్న ఇద్దరు మేష్టార్లలో ఒకాయన కిటికీ వైపు తిరిగి భుజాలు ఎగరేస్తున్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అని సామెత. మా జట్టులో అది తిరగబడింది: అందరూ చెరకు రైతుల బిడ్డలే, రిపోర్టు నిండా రొయ్యలు ప్రత్యక్షం.

నవ్వు చల్లారాక మేడం అడిగారు, "ఇందులో ఎవరైనా గానుగ చూశారా?" అని.

వెంకన్నపాలెం అమ్మాయి లేచింది. భయపడుతూ మొదలుపెట్టింది గానీ, పాకం దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోయింది. పిప్పి, మడ్డి, చన్నీళ్ళలో చుక్క, హైడ్రాస్, అమ్మే బెల్లం వేరు తినే బెల్లం వేరు. నేను కొట్టేసిన మాటలన్నీ వరసగా బతికొచ్చాయి. "మరి తినే బెల్లం ఎవరూ కొనరా?" అని అడిగితే, "కొంటారండి, కానీ నల్లగా ఉందని బేరమాడి కొంటారు. మంచిదని తెలిసినోళ్ళు కూడా" అంది. మేడం పెన్ను పక్కన పెట్టేశారు. అంతసేపూ నేను ఏం చేశానని అడగండి. ఆ అమ్మాయి చెప్పే ప్రతి మాటకీ, నేనే నేర్పించి పంపినట్టు, తల ఊపుతూ నిలబడ్డాను. సిగ్గు అనేది నాకు విడతలవారీగా వస్తుంది. ఆ విడత ఇంకా రాలేదు.

"ఇదంతా రిపోర్టులో ఏ పేజీలో ఉంది?" అన్నారు మేడం. ఎవరూ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

వారం గడువిచ్చి మళ్ళీ రాసుకురమ్మన్నారు. ఈసారి ఆ అమ్మాయి నోటుపుస్తకమే రిపోర్టు అయింది. ముత్యాల చేతిరాతే ఉంచారు, టైపింగు లేదు. బైకువాడు ఈసారి నిజంగా తిరిగాడు. రైతుల వయసులు హాయిగా నలభై, యాభై, అరవై అని వచ్చాయి. జెరాక్సువాడు బొమ్మలు గీశాడు, వాడికి బొమ్మలు వచ్చని అప్పుడే తెలిసింది. నాకు ఒక్క పని ఇచ్చారు, అచ్చుతప్పులు చూడమని. చూశాను. బాగానే చూశాను. పేర్లు అకారాది క్రమంలో వేశారు. నేను ఆఖర్న. బైండింగుకి నేనే తీసుకెళ్ళాను కాబట్టి, దారిలో ఆగి నా పేరు పక్కన చిన్నగా, చాలా చిన్నగా, "సమన్వయం" అని రాసుకున్నాను. ముత్యాల్లా రాయడానికి చాలా కష్టపడ్డాను.

ఆ మధ్య మా అయిదుగురి వాట్సాప్ గ్రూపులో మాటా మాటా వచ్చి, ఆ ప్రాజెక్టులో ఎవరి వాటా ఎంతో నూటికి ఇంతని చెప్పమన్నాను. పెట్రోలు నాదే కాబట్టి నలభై అన్నాడు బైకువాడు. షాపు నాది, కరెంటు నాది, కాబట్టి యాభై అన్నాడు జెరాక్సువాడు. రెండుసార్లు రాసింది నేను, యాభై అంది ముత్యాల అమ్మాయి. నేను వినయంగా ముప్పై అయిదు అన్నాను. కెనడాలో రాస్, సికొలీ అని ఇద్దరు 1979లో ఇలాగే మొగుడూ పెళ్ళాల్ని విడివిడిగా కూచోబెట్టి ఇంటిపనిలో నీ వాటా ఎంతని అడిగితే, కలిపిన లెక్క నూరు దాటిందట. చెడ్డ బుద్ధేమీ కాదు. ఎవరి చెమట వాళ్ళకి బాగా గుర్తుంటుంది, అంతే. నా చెమట సంగతి అడగకండి. వెంకన్నపాలెం అమ్మాయి ఆ రాత్రి ఎప్పటికో జవాబిచ్చింది: "మా నాన్నకి ఒక పది ఇవ్వండి."

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. పోయిన నెల విశాఖపట్నంలో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. నా బయోడేటాలో "నాయకత్వం వహించిన క్షేత్ర పరిశోధన" అని ఒక లైను ఉంటుంది, మీరు ఊహించే ఉంటారు. లోపల కూచున్న పెద్దాయనది యలమంచిలి వైపట. "బెల్లం మీద చేశావా? ఏం తెలుసుకున్నావు?" అన్నాడు. నాకు రొయ్యలు గుర్తొచ్చి ఒక్క క్షణం కాళ్ళు చల్లబడ్డాయి. తరవాత నోరు దానంతటదే నడిచింది. సున్నం, మడ్డి, పిప్పి, చన్నీళ్ళలో చుక్క. అమ్మే బెల్లం వేరండి, తినే బెల్లం వేరండి. గొంతు కూడా అక్కడక్కడ వెంకన్నపాలెం యాసలోకి పోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మీ ఇంట్లో గానుగుందా బాబూ?" అన్నాడు.

"ఉందండి" అన్నాను.

ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. మీకు ఎక్కడైనా కనపడితే, మీరూ చెప్పకండి.